చప్పిడి ఉప్పు

ఉప్పు చప్పబడదని మా నాయనమ్మతో వాదించి ఓడిపోయినవాణ్ణి నేను. అప్పటికి డిగ్రీ రెండో ఏడు, కెమిస్ట్రీ మెయిన్. ఆ ఆదివారం గుళ్ళో పాస్టరుగారు కొండమీది ప్రసంగం ఎత్తుకుని, విశ్వాసి ఉప్పులాంటివాడనీ, సారం పోతే వీధిలో పోసి తొక్కించడానికి తప్ప మరెందుకూ కొరగాడనీ గంటసేపు చెప్పారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోగానే నా చదువంతా వెళ్ళబోశాను. సోడియం క్లోరైడు అటక మీద వెయ్యేళ్ళున్నా ఉప్పగానే ఉంటుందనీ, యేసుప్రభువుకి కెమిస్ట్రీ తెలీదనీ అన్నాను. మా నాన్న ముఖం మాడిపోయింది. నాయనమ్మ మాత్రం ఏమీ అనకుండా దొడ్లోకెళ్ళి, చూరు కింద పడున్న గోతం అడుగునుంచి చారెడు తెచ్చి నా అరచేతిలో పోసింది.

"నాలిక మీదేసుకో అబ్బయ్యా."

వేసుకున్నాను. పళ్ళ కింద ఇసుక నమిలినట్టు కరకరలాడింది. ఉప్పదనం ఎక్కడో ఆనవాలుగా ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇది ఉప్పేనా?"

"ఉప్పే. మడి అడుగున గోకింది. నాలుగు వానలకి తడిసింది. ఉప్పు కరిగి పోయింది, ఉప్పుని అంటుకునున్నది మిగిలింది."

ఆ చారెడూ కాగితంలో పొట్లం కట్టుకున్నాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

నాయనమ్మ చిన్నగంజాం ఉప్పు కొఠార్లలో కూలి. రైల్లో వెళ్ళేవాళ్ళకి వేటపాలెం దాటాక కిటికీలోంచి తెల్లటి కుప్పలు కనిపిస్తాయి చూడండి, అక్కడ. ఉప్పు తయారు చేస్తారని మా వైపు ఎవరూ అనరు. ఉప్పు పండిస్తారు. మడి కట్టేవాడు ఉప్పు రైతు. వరి మడికి నీళ్ళు చాలకపోతే బెంగ, ఉప్పు మడికి వాన పడితే బెంగ, అంతే తేడా. సంక్రాంతి దాటాక మడి అడుగంతా కాళ్ళతో తొక్కుతారు. రోజుల తరబడి తొక్కితే నేల సిమెంటు చేసినట్టు గట్టిపడుతుంది. నేల సరిగా తొక్కని మడిలో ఉప్పుతో పాటు బురద లేచొస్తుంది. ఆ తొక్కుడు పనికి ఎక్కువగా ఆడవాళ్ళే. ఉప్పునీళ్ళల్లో నాని నాని నాయనమ్మ మడమలు బీడు నేలలా పగుళ్ళు తీసి ఉండేవి. రాత్రిళ్ళు ఆముదం రాసుకుంటూ కూర్చునేది.

తర్వాత నీళ్ళు ఒక మడినుంచి ఇంకో మడికి మారుతూ చిక్కబడాలి. ఈ భాగం నాకు పాఠంలో ఉంది, ఆమెకి చేతిలో ఉంది. సముద్రపు నీరు ఎండకి ఇగిరేటప్పుడు అందులో ఉన్న లవణాలన్నీ ఒకేసారి దిగవు. ముందు దిగేది జిప్సం. బోమే మీటరు మీద 13, 14 డిగ్రీల దగ్గరే అది అడుగున పొర కట్టడం మొదలెడుతుంది. మనం తినే ఉప్పు 25 డిగ్రీలు వచ్చేదాకా పలకదు. 29 దాటితే మిగిలిన నీళ్ళు చేదు నీళ్ళు. వాటిల్లో మెగ్నీషియం లవణాలు చిక్కబడి ఉంటాయి. వాటిని అప్పుడే బయటికి తోడెయ్యాలి. ఆశపడి ఉంచితే ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమ పీల్చుకుని గోతంలోనే నీరుకారిపోతుంది. నాయనమ్మకి మీటరు లేదు. నీళ్ళకి ఎరుపు జీర తిరిగితే ఉప్పు కాస్తుందనేది. వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డుగా జారితే ఇక తోడెయ్యమనేది. కొఠారు మేస్త్రీ మీటరు పట్టుకొచ్చి చూస్తే లెక్క దగ్గర దగ్గరగా సరిపోయేదట. ఇది ఆమె చెప్పుకున్న మాటే. కొంచెం గొప్ప కలిపే ఉంటుంది.

పొడుగాటి కర్రకు బిగించిన పలకతో ఉప్పు గట్టుకు లాగి, కుప్ప పోసి, వానలకి ముందు తాటాకు కప్పుతారు. పైన తీసిన తెల్ల ఉప్పు వ్యాపారికి. అడుగు గోకినది కూలివాళ్ళకి. మా ఇంట్లో గోతం ఆ రెండో రకం.

పాస్టర్లు చాలామంది ఉప్పును వంటింటినుంచి చూస్తారు. చిటికెడు వేస్తే కూరకు రుచి, అంతే ప్రసంగం. ఆ మాట విన్న మొదటి జనం వంటింటినుంచి వినలేదని నా అనుమానం. వాళ్ళది గలిలయ సరస్సు ఒడ్డు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను వల లాగే మనుషులు. అదే ఒడ్డున తరికేయ అనే ఊరుండేది. ఉప్పులో ఊరేసిన చేప అనే గ్రీకు మాట మీదే ఆ పేరు వచ్చింది. మగ్దలేనే మరియ ఊరూ అదీ ఒకటేనని చాలామంది పండితుల మాట. ఆ ఊళ్ళో చేపలు ఊరేస్తారని స్ట్రాబో అనే గ్రీకు భూగోళకారుడు ఆ కాలంలోనే రాసిపెట్టాడు. పట్టిన చేప సాయంత్రానికి పాడవుతుంది. ఉప్పు పట్టిస్తే దూరదేశాలు పోతుంది. ఓడరేవులో మా బెస్త అక్కలకి ఈ వాక్యం మీద ప్రసంగం అక్కర్లేదు. ఉప్పు చేప ఎండేసిన చోట నిలబడి చదివితే చాలు.

ఆ ఉప్పు ఎక్కువగా మృతసముద్రం వైపునుంచి వచ్చేది. సముద్రమని పేరే గానీ దాని నీళ్ళు మన సముద్రపు నీళ్ళు కావు. మన నీళ్ళలో నూటికి మూడున్నర పాళ్ళు లవణాలుంటే అక్కడ 30 పైచిలుకు. అందులో సగం దాకా మెగ్నీషియం క్లోరైడు. అంటే మా కొఠార్లో తోడి పారబోసే చేదు నీళ్ళ సరుకు. ఒడ్డున సొదొమ కొండ అని ఉప్పురాతి కొండ ఒకటుంది. లోతు భార్య ఉప్పు స్తంభమైన కథ పుట్టిన చోటు అదేనంటారు. ఆ రాతిలోనూ జిప్సం, మన్ను కలిసే ఉంటాయి. అలాంటి ఉప్పు మట్టినేల మీద కుప్ప పోసి ఒక చలికాలపు వాన తడిస్తే ఏమవుతుందో మా చూరు కింద గోతాన్ని అడగండి. కాబట్టి ఆయనకి కెమిస్ట్రీ తెలీదన్న మాట నేను ఎప్పుడో వెనక్కి తీసుకున్నాను. తెలియనిది నాకే. నేను నేర్చుకున్నది సీసాలో ఉప్పు, ఆయన మాట్లాడింది గోతంలో ఉప్పు.

పన్ను సంగతి కూడా వినండి, సర్కారుకి ఉప్పు మీద కన్ను తెల్లదొరలతో మొదలవలేదు. మా ప్రొటెస్టెంటు బైబిల్లో లేని మక్కబీయుల గ్రంథంలో, సిరియా రాజు దేమేత్రియ యూదుల్ని మంచి చేసుకోవడానికి ఏమేం మాఫీ చేస్తానన్నాడో జాబితా ఉంది. అందులో ఉప్పు పన్ను ఒకటి. యేసుకు నూట యాభై యేళ్ళ ముందు మాట. ఉప్పు అనగానే ఆ జనానికి రుచితో పాటు రాజు కూడా గుర్తొచ్చేవాడన్నమాట. ఎజ్రా గ్రంథంలో పారశీక చక్రవర్తికి ఫిర్యాదు రాసిన అధికారులు, తాము రాజనగరు ఉప్పు తిన్నవాళ్ళం గనక ఆయనకి నష్టం చూస్తూ ఊరుకోలేమంటారు. దీనికి ఇంగ్లీషువాళ్ళ బైబిళ్ళలో వివరణ వేసుకోవాలి. మనకెందుకు? ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట పుట్టగానే వింటాం. విశ్వాసమంటే గుళ్ళో దేవుడి మీద నమ్మకం, గుడి బయట తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకపోవడం. ఒకే మాటలో ఈ రెండూ ఉన్న భాష నాది. మోషే ధర్మశాస్త్రంలో బలి అర్పణలన్నిట్లో ఉప్పుండాలనీ, ఉప్పుతో కట్టిన నిబంధన ఎప్పటికీ చెడదనీ చెప్పినచోట కూడా నాకు ఈ రెండో అర్థమే ముందు తడుతుంది.

పడమటి సంఘాల్లో ఈ ఉప్పు నాలుక మీదికి కూడా వచ్చింది. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళ నోట్లో ఉప్పు పెట్టే ఆచారం రోమా సంఘంలో చాలా పాతది. ఉత్తరాఫ్రికాలో తన చిన్నతనంలో తనకీ పెట్టారని నాలుగో శతాబ్దంలో పుట్టిన అగస్టీను రాసుకున్నాడు. అది ఫిరంగిపురం దాకా నడిచొచ్చింది. మా వియ్యపురాలు అక్కడి ఆర్‌సీఎం మనిషి. తన తమ్ముడికి జ్ఞానస్నానంలో ఫాదరుగారు నాలుక మీద ఉప్పు కల్లు పెడితే వాడు మొహం వికారంగా పెట్టి ఉమ్మేసిన తీరు ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది. 1969లో వచ్చిన కొత్త క్రమంలో ఆ ఉప్పు తీసేశారు. బాప్టిస్టులం, మాకు అసలే లేదు. మాకు నదీ, నిండా ముంచడమూ. ఆవిడేమో, ముంచితే ఒళ్ళు తడుస్తుంది అన్నయ్యగారూ, నాలుక తడవదు అని నన్ను దెప్పుతుంది.

మా ఇంటి ఉప్పుకి ఇంకో వాసన ఉంది. కంపు అనాలి నిజానికి. మా తాత తోళ్ళ పని. పచ్చి తోలు ఇంటికి రాగానే మాంసం వైపు పైకి తిప్పి పరిచి, అరచేత్తో ఉప్పు పట్టించేవాడు. అంచుల దగ్గర, మెడ దగ్గర, మడతల్లో వేళ్ళు దూర్చి మరీ రుద్దేవాడు. ఒక్క మడత వదిలినా అక్కడ పురుగు పడుతుంది. ఉప్పు పట్టాక తోలు నీరు విడుస్తుంది, ఆ నీరు పల్లానికి కారుతుంది, ఈగలు ముసురుతాయి. తర్వాతే సున్నం, లంద, తంగేడు చెక్క. పిల్లలం ముక్కు మూసుకుంటే, ఉప్పు చల్లేది కాదురా, పట్టించేది, అనేవాడు. ఉప్పంటే తెలుపూ స్వచ్ఛతా అని ఎవరైనా ప్రసంగిస్తే నాకు మా తాత వేళ్ళు గుర్తొస్తాయి. గోళ్ళ సందుల్లో కోసుకుపోయి మండుతూ ఉండేవి.

ఒంగోలు సీమలో మా మాదిగల్లో మొదటి క్రైస్తవుడు ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడువాడు. ఆయనది తోళ్ళ వర్తకమే. ఆ వ్యాపారం మీద ఉత్తరం వైపు పోయి అక్కడి మిషనరీల మాట విని వచ్చాడు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, మా పెద్దల నోట క్లౌ దొర, పేరయ్య వెంబడే పల్లెలు తిరిగాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం పెట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

కొత్తగా చేరినవాళ్ళకి క్లౌ దొర చెప్పిన కట్టడి మూడు ముక్కలు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. ఇవాళ చదివితే ఇందులో ఏముందనిపిస్తుంది. ఆ రోజుల్లో ఈ మూడూ ఊరి వెన్నుపూస మీద దెబ్బలు. చచ్చిన గొడ్డు మాదిగవాడికి హక్కూ, చాకిరీ కూడా. అది తినను అంటే ఆ చాకిరీ లెక్కే తేలిపోతుంది. ఊరి జాతర్లో డప్పు కొట్టను అంటే అమ్మవారికి కోపం, ఊరికి అరిష్టం. ఆదివారం రాను అంటే ఆసామి కోత ఆగుతుంది. ఊళ్ళు ఊరుకోలేదు. చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు, కుమ్మరిని కుండ అమ్మొద్దన్నారు, పశువుల్ని పోరంబోకులో మేపనివ్వలేదు, చెప్పుల పనీ మోట తోళ్ళ పనీ మానిపించారు. చదువు రాని మనుషులు, ఎవరి ఉప్పు తింటున్నారో ఆ ఆసాముల ముందే నిలబడి తిననూ, కొట్టనూ, రానూ అన్నారు. ఉప్పు తిన్న విశ్వాసం లేదని తిట్టించుకునే ఉంటారు. ఒక విశ్వాసానికి ఇంకో విశ్వాసం అడ్డం వచ్చిన చోటు అది.

జనం చెప్పుకునేది మాత్రం 1878 లెక్క. ముందు కరువు చెప్పాలి. 1876లో వానలు ఎగ్గొట్టాయి. మద్రాసు రాజధానిలో జనం లక్షల్లో పోయారు. కరువు పనుల్లో కూలి తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 జనవరిలో మగవాడికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా అని ఖాయం చేశాడు. అర కిలో కూడా లేని గింజలు. పప్పు, ఉప్పు, మిరపకాయ, కట్టెలు, అన్నీ ఆ అణాలో. దీంతో కాలవ తవ్వే మనిషి బతకడని శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ రాతపూర్వకంగా పోట్లాడాడు. ఆ ఏడు ముగుస్తుండగా సర్కారు ఇంకో పని చేసింది. మద్రాసు, బొంబాయిల్లో ఉప్పు సుంకం సర్కారు మణుగుకి రూపాయి 13 అణాలనుంచి రెండు రూపాయల 8 అణాలకి పెంచింది. ఆ మణుగు ఇప్పటి లెక్కలో 37 కిలోల పైచిలుకు. దేశమంతా సుంకం ఒక తీరుగా తేవాలని వంక. గంజిలోకి ఉప్పు కొనలేనివాడి నెత్తిన ఈ తీరు పడింది.

క్లౌ దొర పూర్వాశ్రమంలో సర్వేయరు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. బోధకులే మేస్త్రీలు. కూలీలు చెట్టు కింద కూర్చున్నప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడారు. ఈ కాలవే తర్వాత పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలవతో కలిసి ఉప్పు పడవల్ని మద్రాసు దాకా మోసింది. మా నాయనమ్మ చిన్నప్పుడు ఆ పడవల్ని తాడుతో లాగేవాళ్ళని చూసింది. తవ్వినవాళ్ళలో తన పెదతాత ఉన్నాడని చెప్పేది. రుజువు అడక్కండి, మా పల్లెలో ప్రతి ఇంటికీ ఒక కాలవ తవ్విన పెదతాత ఉన్నాడు.

జనం బాప్తిస్మం ఇమ్మని మీద పడ్డారు. క్లౌ దొర ఇవ్వలేదు. కరువు డబ్బు తన చేతిమీదుగా నడుస్తున్నంతకాలం 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం పంచడం ముగిసి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని తెగేసి చెప్పాక కూడా జనం కదల్లేదు. అప్పుడు 1878 జులైలో మద్దిపాడు దగ్గర వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మ ఒడ్డున మొదలైంది. 2వ తేదీ 614 మంది, 3వ తేదీ 2,222 మంది, 4వ తేదీ 700 మంది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ముంచారు. ఏడాది చివరికి 9,606 అయ్యారు.

మా గుళ్ళల్లో 2,222 అనే అంకె మంత్రంలా పలుకుతారు. గోడ మీద రాసిన గుళ్ళూ ఉన్నాయి. నాకు ఆ అంకె కంటే ఆ 15 నెలలు ఎక్కువ ఇష్టం. చేతికి జిడ్డు తగిలితే ఇంకా పొయ్యొద్దని ఆగే కొఠారు కూలి ఓపిక అది. అయినా ఆ 9,606 మందిలో ఆకలిమీద వచ్చినవాళ్ళు లేరా అంటే, ఎందుకుండరు? ఉంటారు. ఆకలి ఏమన్నా తప్పా? సొదొమ కొండ ఉప్పులో మన్నున్నట్టు ప్రతి గోతంలోనూ ఉంటుంది. మన్ను లేని ఉప్పు నేను ల్యాబులోనే చూశాను.

ఉప్పు మీద సర్కారు పట్టు ఇంకో డెబ్భై యేళ్ళు నడిచింది. చవిటి నేల మీద దానంతటది పేరుకున్న ఉప్పు గీరుకున్నా నేరమే. 1930లో దేవరంపాడు ఉప్పు సత్యాగ్రహ శిబిరంవాళ్ళు ఆ చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు మా నాయనమ్మకి పెళ్ళీడు. అదేం పోరాటమే అని నేనడిగితే, మేం చీకట్లో రోజూ చేసే పని వాళ్ళు పగలు చేశారు నాయనా, దండలేశారు, అంది. 1947లో పన్ను పోయింది. కూలి రేటు మాత్రం ఆ పూటకి పెరగలేదంది.

ఉప్పు కనపడకుండా కరిగిపోవాలి అని కూడా ప్రసంగాల్లో చెబుతుంటారు. ఆ మాట వింటే మా పల్లెలో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో వాడు బీసీ-సీ. గుళ్ళో ఒక పేరు, బళ్ళో ఒక పేరు అక్కణ్ణుంచి వచ్చినవే. కాగితం మీద కరిగిపోయి ఆదివారం మళ్ళీ గడ్డకట్టేవాళ్ళున్నారు. నేను బీసీ-సీ అని రాసుకుని లెక్చరరు ఉద్యోగం ఆరేళ్ళు ఆలస్యంగా తెచ్చుకున్నాను. మా అన్న ఇంకో కాగితం పెట్టుకుని వాళ్ళ పిల్లల్ని ఇంజనీర్లని చేశాడు. పండక్కి ఒకే బల్ల మీద కూర్చుని తింటాం. ఇద్దరిలో ఎవరు సారం పోయిన ఉప్పో తేల్చమని ఎవరో కుర్ర పాస్టరు ఓసారి వేలు చూపించబోతే, మా వదిన ఆయన విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి నోరు మూయించింది. మూడు కట్టళ్ళకి నిలబడ్డ పేరయ్య కాలం నాటి కుమ్మరీ చాకలీ ఇప్పుడు ఆఫీసులో ఫారంలో ఒక గడి అయి కూర్చున్నారు. ఆ గడి ముందు ఎవరు ఎలా నిలబడాలో చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ కాగితం పొట్లం సంగతి. సోమవారం దాన్ని కాలేజీకి పట్టుకెళ్ళాను. ల్యాబు అటెండరుని బతిమాలి రెండు పరీక్షనాళికలు తీసుకున్నాను. నీళ్ళలో కలిపితే చాలామటుకు కరగలేదు. వడగట్టిన నీళ్ళు కొంచెం తీసి సిల్వర్ నైట్రేటు వేశాను. ఉప్పు ఉంటే పెరుగులా విరగాలి. పొగమంచు పట్టినట్టు కాస్త మసకేసి ఊరుకుంది. రెండోదాంట్లో బేరియం క్లోరైడు వేశాను. తెల్లగా, దట్టంగా అడుక్కి దిగింది. సల్ఫేటు. అంటే జిప్సం, కాస్త మన్ను.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాను. నువ్వు చెప్పిందే నిజం, ఉప్పు పోయింది, మిగిలినదాని పేరు జిప్సం అన్నాను.

"పేరు కూడా పెట్టారా దానికి?" అంది. "ఎందుకన్నా పనికొస్తదా?"

"వేరుశనగ చేలో చల్లుతారు. చవిటి నేలకి కూడా మంచిది."

"మనకి చేను యాడుందిరా."

చూరు కిందికెళ్ళి గోతం మొత్తం ఈడ్చుకొచ్చింది. ముందురోజు వానకి గడప ముందంతా జారుడుగా ఉంది. గోతం మూతి విప్పి అక్కడ ఒలకబోసి, చీపురుతో సమంగా నెరిపి, పగిలిన మడమలతో రెండుసార్లు అటూ ఇటూ తొక్కి చూసుకుంది.

"ఇప్పుడు జారదు. పాస్టరుగారు వస్తానన్నారు, కాళ్ళకి నీళ్ళు పెట్టు" అని లోపలికెళ్ళింది.